ఎస్టేట్ కారు డిక్కీలో కుక్కా, సామానూ: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

మీది ఎస్టేట్ కారైతే, అంటే కప్పు వెనకదాకా సాగి, డిక్కీ వెనక సీట్ల వెనకే తెరిచి ఉండే పొడుగు కారైతే, ముందు టేపు తీసుకుని కుక్కని కొలవండి, డిక్కీ సంగతి తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ప్రయాణం ముందురోజు రాత్రి పెట్టెలన్నీ డిక్కీలో సర్దేసి, మిగిలిన మూలలో ఒక దుప్పటి పరిచి "వాడు ఇక్కడ పడుకుంటాడులే" అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. ఒకసారి ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది, గట్టిగా బ్రేకు తొక్కాను, గుద్దుకోలేదు, మాలో ఎవరికీ ఏమీ కాలేదు, కానీ అన్నిటికంటే పైన పెట్టిన పెట్టె జారి మా లాబ్రడార్ నడుం మీద పడింది. గాయం కాలేదు గానీ, ఆ తర్వాత రెండు నెలలపాటు డిక్కీ తలుపు తెరిస్తే చాలు వాడు వెనక్కి వెనక్కి జరిగేవాడు. బతిమాలి ఎక్కించాల్సి వచ్చేది. ఆ రోజు నుంచి ఒక్కో ఏర్పాటూ వాడి చూస్తూ వచ్చాను, కొన్ని స్నేహితుల కార్లలో దగ్గర నుంచి చూశాను.

డిక్కీ పెద్దది కదా, అన్నీ పడతాయి అంటారు. పట్టడం వేరు, కదలకుండా ఉండటం వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి, ఆ క్షణంలో 20 కిలోల కుక్క సుమారు 400 కిలోల బరువులా ముందుకు దూసుకొస్తుంది. 10 కిలోల సూట్‌కేసు 200 కిలోలవుతుంది. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా అడగాల్సిన ప్రశ్నలు రెండు: కుక్కకీ సామానుకీ మధ్య ఏముంది? వాటికీ మనుషులకీ మధ్య ఏముంది?

కొలతలు

కుక్కకి మూడు కొలతలు కావాలి. ముక్కు నుంచి తోక మొదలుదాకా పొడవు, నిలబడినప్పుడు నేల నుంచి నడినెత్తిదాకా ఎత్తు, ఒక పక్కకి తిరిగి పడుకున్నప్పుడు వెన్ను నుంచి పాదాల చివరిదాకా వెడల్పు. అది నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, పడుకోగలగాలి, అంతే చాలు. ఇంకా ఎక్కువ చోటు ఇస్తే సుఖంగా ఉంటుందని మనకి అనిపిస్తుంది గానీ, బ్రేకు వేసినప్పుడు ఆ ఖాళీ అంతా అది కొట్టుకుపోవడానికి పనికొస్తుంది. మా వాడు పొడవు 92 సెంటీమీటర్లు, ఎత్తు 68. పెరిగే వయసు కుక్కయితే పెద్దయ్యాక ఎంతవుతుందో ఆ లెక్కన కొనండి, లోపల తాత్కాలికంగా ఒక అడ్డు పెట్టుకోవచ్చు.

డిక్కీ విషయంలో కంపెనీ చెప్పే లీటర్ల లెక్క చూసి నిర్ణయం తీసుకోకండి. స్కోడా ఆక్టావియా ఎస్టేట్‌కి 640 లీటర్లు, కొత్త సూపర్బ్ ఎస్టేట్‌కి 690, వోల్వో వీ60కి 529 అని అంకెలు కనిపిస్తాయి. ఆ అంకె ఎలా వస్తుందంటే, 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తు ఉండే లీటరు దిమ్మెలు లోపల ఎన్ని పడతాయో లెక్కపెడతారు. అంత చిన్న దిమ్మెలు ప్రతి సందులోకీ దూరిపోతాయి, కొన్ని కార్లలో ఫ్లోరు కింది అరలు కూడా ఆ లెక్కలో కలిసే ఉంటాయి. కుక్క దిమ్మె కాదు, బోనూ కాదు. మీకు కావలసింది చక్రాల గుబ్బల మధ్య, అంటే చక్రాల పైన డిక్కీ లోపలికి పొడుచుకొచ్చే ఉబ్బుల మధ్య, వెడల్పు (చాలా ఎస్టేట్లలో ఇది ఒక మీటరుకి అటూ ఇటూ ఉంటుంది), వెనక సీటు నుంచి డిక్కీ తలుపుదాకా పొడవు, తలుపు దగ్గర ఎత్తు. పొడవు మాత్రం తప్పకుండా రెండుసార్లు కొలవండి, ఒకసారి నేల దగ్గర, ఇంకోసారి బోను పైభాగం వచ్చే ఎత్తులో. ఎందుకంటే సీటు వీపు వెనక్కి వాలి ఉంటుంది, వెనకద్దం ముందుకి వాలి ఉంటుంది, నేల దగ్గర 105 ఉన్నది పైన 75కి వచ్చేస్తుంది. బోను తెచ్చాక తలుపు పడక తిప్పి పంపేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇక్కడే. కొనేముందు అట్టపెట్టెలు కోసి, టేపు అంటించి, అదే కొలతలో ఒక ఉత్త బోను తయారుచేసి డిక్కీలో పెట్టి తలుపు వేసి చూడండి. అరగంట పని. పక్కన ఎంత చోటు మిగిలిందో కూడా అప్పుడే కళ్లకి కడుతుంది.

సీటు వెనక జాలీ మాత్రమే

అన్నిటికంటే తేలికైనది ఇది. వెనక సీటు పైనుంచి కప్పుదాకా ఉక్కు జాలీ. కారు మోడల్‌కి తగ్గట్టు చేసినవి రంధ్రాలు వేయకుండానే బిగుస్తాయి, హెడ్‌రెస్టుల కడ్డీలకి తగిలించే అన్ని కార్ల రకం కూడా ఉంటుంది, అది కాస్త ఊగుతుంది, శబ్దం చేస్తుంది. మోడల్‌కి తగ్గది దొరికితే దానికే వెళ్లండి.

జాలీ మనుషుల్ని కాపాడుతుంది, కుక్క ముందుకి ఎగిరి రాకుండా ఆపుతుంది. కానీ కుక్కని సామాను నుంచి కాపాడదు, కాబట్టి జాలీ ఒక్కటే ఉంటే డిక్కీ మొత్తం కుక్కదే అనుకోవాలి. ఒక్క సూట్‌కేసు కూడా దాని పక్కన వదులుగా పెట్టకూడదు. ఇద్దరే ప్రయాణం చేసేవాళ్లకి, వెనక సీటు ఖాళీగా ఉండేవాళ్లకి ఇది చక్కగా సరిపోతుంది. కొన్ని ఎస్టేట్లతో వచ్చే గుడ్డ వల ఉంటుంది చూశారా, పైకి లాగి కప్పుకి తగిలించేది, సామాను ఆపడానికి అది మంచిదే గానీ కుక్కకి నమ్మకండి, విసుగొస్తే కొరికేస్తుంది.

జాలీ, దానితో నిలువు అడ్డు

సీటు వెనక జాలీకి తోడు, డిక్కీని పొడవునా రెండుగా చీల్చే ఇంకో జాలీ. ఒక సగం కుక్కకి, ఇంకో సగం సామానుకి. మధ్యరకం కుక్క ఒక్కటే ఉన్న కుటుంబానికి నా మొదటి ఓటు దీనికే. చక్రాల మధ్య మీటరు వెడల్పు ఉంటే చెరో 50 సెంటీమీటర్లు వస్తాయి. కొన్ని రకాల్లో ఈ అడ్డుని మధ్యలో కాకుండా కాస్త పక్కకి కూడా బిగించుకోవచ్చు, 60, 40గా. సామాను వైపు పైదాకా పేర్చినా కుక్క మీద పడదు, ఇదే దీని గొప్ప. అడుగున బరువైన పెట్టెలు, అవీ సీటు వీపుకి ఆనించి, పైన తేలికైన మెత్తని సంచులు. బరువైనది తలుపు వైపు పెట్టి తేలికైనది సీటు వైపు పెడితే బ్రేకు పడినప్పుడు ఆ బరువు ఖాళీ దూరం అంతా పరుగెత్తి వచ్చి గుద్దుతుంది.

దీనిలో లోపాలు లేకపోలేదు. పెద్ద కుక్కకి 50 వెడల్పులో వెనక్కి తిరగడం కష్టం, జర్మన్ షెపర్డ్ లాంటి కుక్క ఆ సందులో గంటలు గంటలు ఒకే వైపు ముఖం పెట్టుకుని ఉండాల్సి వస్తుంది, నాకది నచ్చదు. రెండోది, డిక్కీ తలుపు తీయగానే కుక్క దూకేస్తుంది. రోడ్డు పక్కన ఆగినప్పుడు ఇది నిజంగా ప్రమాదం. తలుపు దగ్గర బిగించే చిన్న గేటు విడిగా దొరుకుతుంది, అది లేకుండా ఈ ఏర్పాటు సగమే అయినట్టు. మా వాడికి "ఆగు" అంటే ఆగడం వచ్చు, అయినా గేటు పెట్టాను.

బోను

బోనుల్లో తేడాలు చాలా ఉన్నాయి, పేరు ఒకటే కాబట్టి అన్నీ ఒకటే అనుకోవద్దు.

గుడ్డ బోను మడిస్తే పలచగా అయిపోతుంది, గదిలో పడుకోవడానికి బాగుంటుంది, కారులో మాత్రం అది కుక్కని ఒకచోట కూర్చోబెట్టే పరదా, అంతకు మించి కాదు. తీగల బోను కూడా మడతపడుతుంది, గాలి బాగా ఆడుతుంది, కానీ పెద్ద దెబ్బ తగిలితే తీగలు వంగి లోపలికి పొడుచుకొస్తాయి, తలుపు ఊడిపోవచ్చు. అల్యూమినియం బోనులు డిక్కీ వాలుకి తగ్గట్టు వెనక వైపు ఏటవాలుగా చేసి వస్తాయి, తేలిక, కడగడం సులువు. వాటిలో గట్టివీ ఉన్నాయి, రేకు డబ్బాల్లాంటివీ ఉన్నాయి, మూలలు ఎలా అతికారో చేత్తో ఊపి చూడండి.

ఆ పైన క్రాష్ టెస్ట్ చేసినవి. స్వీడన్‌కి చెందిన మిమ్‌సేఫ్ కంపెనీ వేరియోకేజ్, థూలే కంపెనీ అల్లాక్స్ ఈ కోవలోవి. వేరియోకేజ్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాని వెనక ఉన్న ఆలోచన ఏ బోను కొనేవాళ్లకైనా పనికొస్తుంది. కారు వెనక భాగం గుద్దుకున్నప్పుడు నలిగేలా తయారుచేస్తారు, ఆ నలగడమే దెబ్బని పీల్చుకుంటుంది. అక్కడ అస్సలు నలగని గట్టి బోను పెడితే ఏమవుతుంది? వెనకనుంచి ఎవరైనా గుద్దినప్పుడు అది నలగకుండా అలాగే ముందుకొచ్చి వెనక సీటుని నెడుతుంది, ఆ సీట్లో పిల్లలుంటారు. అందుకని వేరియోకేజ్‌ని ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలతో చేశారు, పొడవు మన డిక్కీకి తగ్గట్టు సర్దుకోవచ్చు, వెనకనుంచి దెబ్బ తగిలితే అది కూడా కుదించుకుపోతుంది. ముందు వైపు, అంటే వెనక సీటు వైపు, అత్యవసర ద్వారం ఒకటి ఉంటుంది, డిక్కీ తలుపు ఇరుక్కుపోతే సీటు మడిచి కుక్కని అటునుంచి బయటికి తీయొచ్చు. ఏ బోను కొన్నా ఈ రెండో ద్వారం ఉందా అని అడగండి. నేనైతే అది లేనిది కొనను.

"క్రాష్ టెస్ట్ చేసింది" అని డబ్బా మీద రాసినంత మాత్రాన సరిపోదు. పిల్లల సీట్లకి ఉన్నట్టు కుక్కల బోనులకి అందరూ తప్పనిసరిగా పాటించాల్సిన ఒకే పరీక్ష లేదు. అమెరికాలో 2011లో మొదలైన సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే లాభాపేక్ష లేని సంస్థ సొంతంగా పరీక్షలు చేసి, నెగ్గినవాటి జాబితా పెడుతుంది, ముందు అది చూడండి. అందులో లేనిదైతే ఎంత వేగంతో, ఎంత బరువు బొమ్మతో, ముందునుంచా వెనకనుంచా పరీక్షించారని కంపెనీనే అడగండి. జవాబు సూటిగా రాకపోతే వదిలేయడమే.

బోనుని డిక్కీ నేలన ఉన్న నాలుగు కొక్కేలకి పట్టీలతో బిగించాలి, సాగే రబ్బరు తాళ్లు పనికిరావు. మంచి బోనులు 20 కిలోలకు పైనే ఉంటాయి, లోపల కుక్క 30, కట్టకపోతే అది 50 కిలోల పెట్టె అన్నమాట. దాని మీద సూట్‌కేసు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. కంపెనీ పెట్టొచ్చని చెప్పి, పట్టీ వేసే చోటు కూడా ఇస్తే ఒక మెత్తని సంచి వరకు సరే. నేను పెట్టను. గాలి ఆగిపోతుంది, అద్దంలో వెనక రోడ్డు కనపడదు, ఇంకా పైనుంచి పెట్టె పడటం ఒకసారి చూసినవాడిని.

చోటు లెక్కకొస్తే, ఒంటి బోను సుమారు సగం నుంచి మూడింట రెండు వంతుల వెడల్పు తినేస్తుంది. ఏటవాలు బోను పక్కన మిగిలే చోటు కూడా వంకర టింకరగానే ఉంటుంది. అక్కడ గట్టి సూట్‌కేసులు పెట్టుకుంటే సగం చోటు వృథా, అదే గుడ్డ సంచులైతే చక్రం గుబ్బ మీదకీ వెనక మూలలోకీ ఒదిగిపోతాయి. గట్టి పెట్టెలు మానేసి సంచులకి మారాక మాకు దాదాపు ఒక పెట్టెడు సామాను ఎక్కువ పట్టింది. రెండు కుక్కలుంటే జంట బోను డిక్కీ మొత్తం ఆక్రమిస్తుంది, ఇక సామానుకి పైకప్పే దిక్కు.

వెనక సీట్లో బెల్టుతో

కుక్కని అసలు డిక్కీ నుంచి తీసేసి వెనక సీట్లో హార్నెస్‌తో (కుక్క ఒంటికి తొడిగే పట్టీల జత) కట్టేస్తే డిక్కీ మొత్తం సామానుకి వస్తుంది. చిన్న, మధ్యరకం కుక్కలకి ఇది మంచి దారే. ఛాతీ మీద వెడల్పుగా పరుచుకునే హార్నెస్ కావాలి, సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ సరే అన్న స్లీపీపాడ్ క్లిక్‌ఇట్ స్పోర్ట్ లాంటిది. మెడ పట్టీకి మాత్రం ఎప్పుడూ తగిలించొద్దు, బ్రేకు వేస్తే మొత్తం దెబ్బ గొంతు మీదే పడుతుంది. బకిల్‌కి తగిలించే పొడుగాటి తాడు ఇచ్చినా వాడకండి, ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ముందు సీటు వద్దు, ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

పెద్ద కుక్కకి సీటు ఇరుకు, మలుపుల్లో కాళ్లు ఆనవు, పిల్లల సీటు పక్కనుంటే ఇద్దరికీ టెన్షన్. 30 కిలోలు దాటితే నేను దీన్ని సిఫారసు చేయను.

సామానుని బయటికి పంపడం: పైపెట్టె, వెనకపెట్టె

కారు మీద పెట్టే రూఫ్ బాక్స్ చూడటానికి అన్ని కష్టాలూ తీర్చేలా ఉంటుంది, 400 లీటర్లకు పైగా చోటిస్తుంది. చోటు ఉంది గానీ బరువు లేదు. చాలా ఎస్టేట్ల పైకప్పు 75 కిలోలకు మించి మోయకూడదు, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, మీ కారు పుస్తకంలో చూడండి. ఆ 75లో పెట్టె బరువు 20, అడ్డకడ్డీలు 5 పోతే మీకు మిగిలేది 50. అందుకని పైకి తేలికైనవి పంపాలి: పరుపులు, దుప్పట్లు, చలికోట్లు, కుక్క పడక. నీళ్ల డబ్బాలు, బూట్లు, కుక్క మేత బస్తా కిందే ఉండాలి. బరువు పైకి పోతే మలుపుల్లో కారు ఊగడం డిక్కీలో ఉన్న కుక్కకే ముందు తెలుస్తుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది, గాలి హోరు పెరుగుతుంది, ఎత్తు తక్కువ పార్కింగుల్లోకి పోలేరు, కారు కొత్త ఎత్తు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించుకోండి.

వెనక టో బార్‌కి (ట్రైలర్ తగిలించే కడ్డీ) తగిలించే పెట్టెకి ఎత్తడం సులువు, గాలి అడ్డు తక్కువ. కానీ కుక్క దిగే దారికి అది సరిగ్గా ఎదురు. కొన్ని పెట్టెలు పక్కకి తిరుగుతాయి, కొన్ని వెనక్కి వాలతాయి, నిండా సామానుతో ఉన్నదాన్ని ప్రతి ఆగిన చోటా వాల్చి తలుపు తీసి కుక్కని దించి మళ్లీ నిలబెట్టాలి. కొనేముందు నిండు పెట్టెతో డిక్కీ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అని చూడకుండా డబ్బు కట్టొద్దు. టో బార్ మీద నిలువుగా పడే బరువుకీ హద్దు ఉంటుంది, ఎక్కువగా 75 నుంచి 100 కిలోలు, అందులో స్టాండు, పెట్టె బరువు కూడా భాగమే. డిక్కీలో కుక్క ఉన్నవాళ్లకి పైపెట్టే నయం అని నా అభిప్రాయం.

ఏది ఎంచుకోవాలి మరి

వెనక సీట్లో ఎంతమంది కూర్చుంటారన్నదే తేల్చేస్తుంది. ఎవరూ కూర్చోకపోతే డిక్కీ మొత్తం కుక్కకి ఇచ్చేయండి, జాలీ గానీ పెద్ద బోను గానీ. బరువైన సామాను ముందు సీట్ల వెనక కాళ్లు పెట్టుకునే చోట పెట్టండి, కారు మొత్తంలో అంతకన్నా కదలని చోటు లేదు. సీటు మీద పెట్టినవాటికి సీటు బెల్టు వేయండి. చోటు కోసం వెనక సీట్లు మడిచేయాలని అనిపిస్తుంది, మడవొద్దు, ఆ సీటు వీపే మీకూ డిక్కీకీ మధ్య ఉన్న గోడ.

ఇద్దరు కూర్చుంటే నిలువు అడ్డు, లేదా ఒంటి బోను పక్కన సంచులు. ముగ్గురు కూర్చుంటే సగం డిక్కీ అయిదుగురి సామానుకి చాలదు, పైపెట్టె తప్పదు, అదీ చాలకపోతే సామాను తగ్గించాలి గానీ కుక్క చోటు తగ్గించకూడదు.

ఇంకా బరువు. కారు మోయగల మొత్తం బరువులో నుంచి కారు బరువు తీసేస్తే చాలా ఎస్టేట్లకి మిగిలేది 450 నుంచి 600 కిలోల మధ్య. నలుగురు పెద్దవాళ్లు 300, కుక్క 30, బోను 25, పైపెట్టె కడ్డీలతో 25, సామాను 100. అప్పుడే 480. చోటు ఇంకా మిగిలి ఉన్నా బరువు అయిపోయి ఉండొచ్చు. నిండు బరువుకి టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీదో ఇంధనం మూత లోపలో రాసి ఉంటుంది, వెనక టైర్లకి మామూలు కన్నా ఎక్కువ కావాలి. హెడ్‌లైట్లు కూడా ఒక మెట్టు కిందకి దించండి, లేకపోతే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

గాలి గురించి చెప్పకుండా వదలలేను. చాలా కార్లలో డిక్కీకి విడిగా ఏసీ గాలి రాదు, ముందునుంచి సీట్ల మీదుగా రావాల్సిందే. వెనక సీటు మీద కప్పుదాకా సంచులు పేర్చేశారంటే ముందు మీరు చల్లగా కూర్చుని ఉంటారు, వెనక కుక్క ఉడికిపోతూ ఉంటుంది. ఒక చిన్న థర్మామీటర్ బోను దగ్గర పెట్టి దాని తెర ముందుకి కనపడేలా పెట్టుకోండి. వెనక పక్క అద్దాలకి ఎండ తెరలు వేయండి. ఆపిన కారులో మాత్రం కుక్కని వదలొద్దు. 2005లో అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో ఎండలో ఆపిన కారు లోపల వేడి గంటలో సగటున సుమారు 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు.

వయసు మళ్లిన కుక్క ఉంటే ర్యాంపు కూడా సామానే. డిక్కీ అంచు నేల నుంచి 60 సెంటీమీటర్లు దాటి ఉంటుంది, కీళ్ల నొప్పులున్న కుక్క రోజుకి నాలుగుసార్లు అక్కడినుంచి దూకితే పాడవుతుంది. మడిచిన ర్యాంపుకి చోటు ముందే అనుకోవాలి, బోనుకీ సంచులకీ మధ్య నిలువుగా జారిస్తే బాగా కూర్చుంటుంది, తీయడమూ సులువు.

స్పేర్ టైరు డిక్కీ ఫ్లోరు కింద ఉందా? ఉంటే పంక్చర్ అయినప్పుడు కుక్క, బోను, సామాను మొత్తం రోడ్డు పక్కన దించాలి. జాకీ, గాలి పంపు, హెచ్చరిక త్రికోణం ముందే బయటికి తీసి పక్క అరలో పెట్టుకుంటే కనీసం సగం కష్టం తప్పుతుంది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మొత్తం సర్ది, కుక్క లేకుండా పావుగంట నడిపి, రెండుసార్లు కాస్త గట్టిగా బ్రేకు వేసి, దిగి ఏది ఎక్కడికి జరిగిందో చూడండి. తర్వాత కుక్కతో ఇంకోసారి. అసలు రోజున సామానంతా ఎక్కాక చివర్న కుక్క ఎక్కాలి, దిగేటప్పుడు మొదట దిగేది అదే. కుక్కని పట్టుకుని నడిపించే పట్టీ మాత్రం డ్రైవరు తలుపు జేబులో పెట్టుకోండి, డిక్కీలో సంచుల కింద కాదు.